ఎంటర్ మీద వేలు

ఇస్త్రీపెట్టె తగిలించగానే ఫ్రిజ్ మూలుగు ఆగిపోయింది. వంటింట్లోంచి భార్య ఇన్సాఫ్ పిలిచేలోపే బహీజ్ చెప్పుల్లో కాళ్ళు దూర్చేశాడు. పేటలో కరెంటు అమ్మే జెనరేటర్ వాడిచ్చే ఐదు ఆంపియర్లలో ఫ్రిజ్జూ ఇస్త్రీపెట్టే నీళ్ళ మోటారూ ఒకేసారి బతకలేవు. ఒకటి లేస్తే ఇంకొకటి పడుకోవాలి. మరిచిపోయి మూడూ పెట్టారంటే కింద మెట్ల దగ్గర పెట్టెలో మీట టప్పున పడిపోతుంది. ఎవరో ఒకరు దిగి దాన్ని ఎత్తి రావాలి. లిఫ్టు ఉంది గానీ, అది కదిలి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. అందులో ఇప్పుడు కాపలావాడు ఉల్లిపాయలు పోసుకుంటున్నాడు.

దిగుతూ తిట్టాడు, ఎక్కుతూ తిట్టాడు. జెనరేటర్ వాణ్ణి, వాడి మీసాన్ని, రోజుకి రెండు గంటలు ముష్టి వేసినట్టు కరెంటు వేసే ప్రభుత్వాన్ని, ఆ ప్రభుత్వంలో ఉన్నవాళ్ళ తాతల్ని. తిట్లన్నీ మెట్లకే. జెనరేటర్ వాడు నెలకోసారి గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రం, "అల్లా నీకు చల్లని ఆరోగ్యమివ్వాలి, కాఫీ తాగి వెళ్ళు" అంటాడు.

పొట్టి మనిషి. మెడ లేనట్టు తల భుజాల్లోకి దిగి ఉంటుంది. రెండు కనుబొమల మధ్యా ఉలితో చెక్కినట్టు నిలువు గీత. నవ్వినా పోదు, నిద్రలోనూ పోదని ఇన్సాఫ్ చెబుతుంది. బహీజ్ అంటే సంతోషి అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు మొహం చూడకుండా పెట్టారని వాళ్ళ ఊరు ట్రిపోలీలో అతన్ని ఎరిగినవాళ్ళంతా ఒక్కసారైనా అని ఉంటారు. వేళ్ళు మాత్రం ఆ ఒంటివి కావనిపిస్తాయి. సన్నగా, పొడుగ్గా, కొనల మీద సోల్డరింగ్ కడ్డీ కాల్చిన తెల్లమచ్చలతో ఉంటాయి. ఆ వేళ్ళతో కుర్రతనంలో రేడియోలు బాగుచేశాడు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. ఏ కాలంలోనూ సొంత దుకాణం మాత్రం పెట్టుకోలేదు.

అతని తండ్రి పేరు ఖలీల్. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. అందుకని పెళ్ళికి ముందునుంచే అందరూ అతన్ని అబూ ఖలీల్, అంటే ఖలీల్ వాళ్ళ నాన్నా, అని పిలిచేవాళ్ళు. ఖలీల్ పుట్టలేదు. ఇన్సాఫ్ రెండుసార్లు ఆశపెట్టుకుంది, రెండుసార్లూ పోయింది. పిలుపు మాత్రం ఉండిపోయింది. రొట్టెలవాడూ టాక్సీవాడూ పొద్దున్నే ఆ లేని బిడ్డ పేరుతో పలకరిస్తే బదులు పలుకుతాడు. పలికేది నోరొక్కటే.

ఇప్పుడతను పనిచేసే వఫీక్ దుకాణం గడియారస్తంభం వెనక సందులో ఉంది. యూరప్‌లో ఆఫీసులవాళ్ళు పారేసిన చిన్న చిన్న కంప్యూటర్లు రేవులోకి గుట్టలుగా వస్తాయి. వఫీక్ వాటిని కొని, రేకు పెట్టెల్లో బ్యాటరీతో సహా బిగించి, మూడేళ్ళుగా ఒకటే వస్తువు తయారుచేయిస్తున్నాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల పరుపు కింద పెట్టే పలక, దానికో పెట్టె. పలక బిడ్డ ఊపిరి కదలికని పట్టి పెట్టెకి చెబుతుంది. కదలిక ఆగిందంటే పెట్టె చెవులు చిల్లులు పడేట్టు కూస్తుంది. డీజిల్ కొనలేక ఆసుపత్రివాళ్ళు అరచేతిలో పట్టేటంత పిల్లల్ని తొందరగా ఇళ్ళకి పంపేస్తున్నారు. తల్లులు రాత్రుళ్ళు మేలుకుని ఎన్నాళ్ళు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారు? ఈ పెట్టె ఉంటే కాస్త కన్ను మూస్తారు.

బహీజ్ పని కెర్నెల్‌ది. యంత్రం వెలిగించగానే ముందు లేచేది కెర్నెల్. లోపలున్న ప్రతి ముక్కనీ పేరుపేరునా తట్టి లేపి పనిలో పెట్టేది అదే. పారేసిన కంప్యూటర్లు కదా, రెండు తెరిస్తే రెండింటిలోనూ ఒకే సరుకు ఉండదు. ఏ ముక్క ఉందో చూసుకుని దానికి కావలసింది కెర్నెల్‌లో అమర్చాలి. లేనివాటి సంగతి పీకెయ్యాలి. ఎవరు ఎప్పుడు మేలుకుని ఉండాలో, ఎవరు ఎప్పుడు కునుకు తియ్యొచ్చో తేల్చాలి. బ్యాటరీని తెల్లారేదాకా లాగించాలి. ఇంట్లో ఐదు ఆంపియర్లతో ఇన్సాఫ్ చేసేదీ ఇదే గనక ఈ పనిలో గొప్పేమీ లేదని అతని ఉద్దేశం.

కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా పాతదానికి చెప్పిన జవాబులన్నీ దానికి అప్పగిస్తారు. పాతదాంట్లో జవాబు లేని సంగతి ఎదురైతే అది ఆగి అడుగుతుంది. ఇది కావాలా, ఇది ఉండనా, ఇది తీసెయ్యనా అని. అవును, కాదు, లేదంటే ఉత్తి ఎంటర్. ఉత్తి ఎంటర్ కొడితే మీరెలా అంటే అలాగే అని అర్థం. ప్రశ్నలు పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉంటాయి. ఈ పని చేసేవాళ్ళెవరినైనా అడగండి, అన్నీ చదివే కొట్టామని ఒట్టేస్తారు. అబద్ధం. కాసేపు చదువుతారు, ఆ తర్వాత ఎంటర్ మీద వేలు పెట్టి అలాగే ఉంచేస్తారు.

బహీజ్ ఉంచడు. ప్రతి ప్రశ్ననీ పైకి చదివి, ఎదురుగా మనిషి నిలబడ్డట్టు జవాబు చెబుతాడు. పక్క బల్ల దగ్గర కూర్చునే సుహా, డిప్లొమా చదివి ఈ దుకాణంలో చేరిన పిల్ల, "బాబాయ్ మళ్ళీ చెక్‌పోస్టు దగ్గర ఆగాడు" అని నవ్వుతుంది. ఆ పిల్లకి తెలియదు గానీ మాట నిజమే. యుద్ధం రోజుల్లో ప్రతి మలుపులోనూ ఒక తుపాకీ అతన్ని అడిగింది. పేరు? తండ్రి పేరు? ఏ పేట? ఎక్కడికి? ఆ తుపాకీ ఎవరిదైతే వాళ్ళకి నచ్చేట్టు జవాబు చెప్పి, మీరెలా అంటే అలాగే అయ్యా అని తలవంచి బయటపడ్డాడు. బయటపడ్డవాళ్ళంతా అలా పడ్డవాళ్ళే. యుద్ధం అయిపోయాక ఇంటి యజమానీ జెనరేటర్ వాడూ వఫీకూ వచ్చారు, మాట మాత్రం అదే మిగిలింది. ప్రశ్న అడిగినవాడి మొహం మీద కాదు అని కొట్టగలిగింది ఈ తెర ముందే. అందుకే ఒక్కటీ వదిలేవాడు కాదు.

ఆ ఉదయం నువ్వుల రొట్టె నములుతూ ఒక పెట్టె మూత విప్పుతుండగా ఫోన్ మోగింది. సుహా ఎత్తి, వైరు ఊడిందేమో చూసుకోమ్మా అని రెండుసార్లు చెప్పి, చివరికి విసుగొచ్చి ఫోను అతని చేతిలో పెట్టింది. అవతల హనాది అనే అమ్మాయి. అబూ సమ్రా గుట్ట మీద ఉంటుంది. భర్త సైన్యంలో ఉన్నాడు, సరిహద్దులో. పాప తాలీన్‌కి ఇంకా రెండు నెలలు నిండలేదు. తెల్లారగట్ల పాలకని పాపని ఒళ్ళోకి తీసుకుందట. పలక ఖాళీగా ఉంది. పెట్టె మాత్రం పచ్చలైటు వేసుకుని ఊపిరి బాగుంది, బాగుంది అంటూనే ఉందట.

బహీజ్ రొట్టె పక్కన పెట్టేశాడు. బల్ల మీద రెండు కిలోల బియ్యం సంచీ ఒకటి ఉంది. దాని కింద చిన్న మోటారు సంచీని పైకీ కిందకీ కదుపుతుంటుంది. పెట్టెలు పరీక్షించడానికి వాళ్ళకున్న బిడ్డ అదే. కొత్త పెట్టె ఒకటి దానికి కలిపి, కరెంటు వైరు పీకేసి, బ్యాటరీ మీద వదిలేశాడు. ఎప్పుడూ అయితే కాసేపు చూసి సరేననేవాళ్ళు. ఈసారి టీ చల్లారి, మీద తెట్టు కట్టేదాకా కూర్చున్నాడు. అప్పుడు సంచీని రెండు చేతులా ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు.

పెట్టె కూయలేదు. పచ్చలైటు వెలుగుతోంది. సంచీ చక్కగా ఊపిరి తీస్తోందని చెబుతోంది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. ముందు సుహా మీద విరుచుకుపడ్డాడు. బ్యాటరీ మీద ఇంతసేపు ఎందుకు పెట్టి చూడలేదని. తర్వాత ఆ కెర్నెల్ రాసినవాళ్ళ మీద, ఎక్కడో చలిదేశంలో రాత్రీ పగలూ కరెంటు ఉండే గదుల్లో కూర్చుని పొదుపు గురించి ఆలోచించే మహానుభావుల మీద. సుహా ఏడుపు మొహం పెట్టి తెర మీద జవాబుల వరస పైనుంచి కిందకి జరిపింది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు, బయట తగిలించిన ముక్కల్ని కాసేపయ్యాక నిద్రపుచ్చనా, అనే ప్రశ్న. పాత కెర్నెల్‌లో అది లేదు. కొత్తదాంట్లో వచ్చింది. దాని ఎదురుగా అవును అని ఉంది. పలక నిద్రపోతోంది. పెట్టె దాని ఆఖరి మాటనే పట్టుకుని వల్లిస్తోంది.

అవును అని కొట్టిందెవరో అతనికి చూడనక్కర్లేకపోయింది. శీతాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, ఇంకాసేపట్లో జెనరేటర్ ఆపేస్తానని కిందనుంచి కేక వినబడింది. ఆగిపోతే పొద్దున్నుంచి కెర్నెల్‌లో అమర్చిందంతా మళ్ళీ మొదటినుంచి అమర్చాలి. వఫీక్ వెనక నిలబడి, ఈ సాయంత్రమే సరుకు వెళ్ళాలి అబూ ఖలీల్, అన్నాడు. బహీజ్ ఎంటర్ మీద వేలు పెట్టి ఉంచేశాడు. ప్రశ్నలు జలజలా దొర్లిపోయాయి. ఒక్కసారే. జీవితం మొత్తంలో యంత్రానికి కూడా తలవంచింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత బ్యాటరీ ఇదివరకటికంటే రెట్టింపుసేపు నిలవడం మొదలైంది. వఫీక్ అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఎందుకు నిలుస్తోందని వఫీక్ అడగలేదు, సుహా అడగలేదు, బహీజూ అడగలేదు. మేలు జరిగినప్పుడు ఎవడడుగుతాడు?

వఫీక్ వచ్చేసరికి బహీజ్ బల్ల మీద సామానంతా చేత్తో పక్కకి తోసేసి నిలబడి ఉన్నాడు. జరిగింది చెప్పాడు. శీతాకాలం మొదట్నుంచీ వెళ్ళిన పెట్టెలన్నీ వెనక్కి పిలవాలన్నాడు. వఫీక్ చెడ్డవాడు కాదు. చొక్కా ఎప్పుడూ తెల్లగా, మాట ఎప్పుడూ మెత్తగా ఉంటాయి. కుర్చీ లాక్కుని కూర్చుని, తల్లుల్ని బెదరగొడితే పెట్టెలన్నీ బయట పారేస్తారని, బాగున్న పెట్టెలు కూడా పోతాయని, అప్పుడు పిల్లల్ని చూసేదెవరని అడిగాడు. అది అబద్ధమూ కాదు. ఈలోగా పెట్టెలు ఎప్పుడూ కరెంటుకి తగిలించే ఉంచమని ఫోన్లకి ఒక సందేశం పంపితే చాలన్నాడు. సోమవారం నుంచి ఒక్కొక్కటీ తెప్పిద్దామన్నాడు.

"దేనికి తగిలించాలి?" అన్నాడు బహీజ్.

"అదే, కరెంటుకి."

"ఏ కరెంటుకి వఫీక్? ఈ ఊళ్ళో ఏ గోడలో ఉంది అది? చూపించు, నేనే వెళ్ళి తగిలిస్తాను."

వఫీక్ కాసేపు తెల్లచొక్కా చేతులు సవరించుకున్నాడు. తర్వాత ఎప్పటి మెత్తదనంతోనే అన్నాడు. "ఎంటర్ కొట్టింది నువ్వే కదా, అబూ ఖలీల్."

సుహా తల దించుకుంది. బహీజ్ కనుబొమల మధ్య గీత ఇంకా లోపలికి దిగింది. ఆ మాట నిజం. అతనెప్పుడూ అక్కడే ఆగిపోతాడు. తప్పు తనదని ఒకడు వేలు చూపించగానే తల వంగిపోతుంది. ఈసారి వంగడానికి వంగింది గానీ, వంగిన తలతోనే తెర ముందు కూర్చుని ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళి కాదు అని కొట్టాడు. ఒక్క జవాబు మారితే అంతా మళ్ళీ అమర్చక్కర్లేదు. అది తయారవుతుండగా సుహా కిందకి పరిగెత్తి, ఇప్పుడు ఆపొద్దని జెనరేటర్ వాడి కాళ్ళావేళ్ళా పడింది. తయారైనదాన్ని పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకున్నారు. వఫీక్ గల్లా దగ్గర ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు. వెళ్ళమనలేదు, వద్దనలేదు.

సుహా అన్ని ఇళ్ళకీ ఫోన్లు చేసింది. సగం ఫోన్లు చార్జింగ్ లేక చచ్చిపోయి ఉన్నాయి. సముద్రం వైపు ఇళ్ళు తను చూస్తానంది, వాళ్ళ తమ్ముడి మోటారుసైకిలు ఉంది. గుట్టల వైపు ఇళ్ళు బహీజ్ తీసుకున్నాడు. బయలుదేరేముందు హనాదికి ఫోన్ చేశాడు.

"నీ ఇంటికి చివర్న వస్తాను."

"ముందు చెప్పింది నేను కదండీ," అంది హనాది.

"అందుకే చివర్న. పెట్టె అబద్ధం చెబుతోందని నీకు తెలుసు. మిగతావాళ్ళకి తెలియదు, నమ్మి నిద్రపోతున్నారు. నేను వచ్చేదాకా పాప పొట్ట మీంచి చెయ్యి తియ్యకు. వంటా వద్దు, బట్టలూ వద్దు. కోప్పడాలనుకుంటే వచ్చాక కోప్పడు."

"చెయ్యి తీస్తే కదా," అంది ఆ అమ్మాయి. "తెల్లారినప్పటినుంచీ అక్కడే ఉంది."

అలా మొదలైంది తిరుగుడు. షేర్ టాక్సీ ఎక్కడం, దిగడం, మెట్లు. గుట్టల మీద ఇళ్ళన్నీ ఎత్తు ఇళ్ళే, అన్నిట్లోనూ లిఫ్టులున్నాయి, ఒక్కటీ కదలదు. అడుగడుక్కీ ఒక తిట్టు చొప్పున ఎక్కాడు. ఒక ఇంట్లో మగవాళ్ళు లేరు. పరాయి మగాణ్ణి లోపలికి రానియ్యరు. తలుపు సందులోంచి పెట్టెని తువ్వాల్లో చుట్టి బయటికి అందించారు. అతను మెట్ల మీద కూర్చుని పని కానిచ్చాడు. అంతసేపూ లోపలినుంచి ఒక ముసలమ్మ, మా కోడలు చెయ్యి పెట్టే ఉంచింది, నువ్వు తొందరపడి చెడగొట్టకు నాయనా, అని తలుపుతో మాట్లాడుతూనే ఉంది. ఇంకో ఇంట్లో పెట్టె బ్యాటరీకి వైరు కలిపి ఇంటిల్లిపాదీ ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు. అది చూసి అతను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు వచ్చేశారు. ఇంటాయన మాత్రం తొణక్కుండా, "ఫోను కూడా ఊపిరి తియ్యాలి కదా అబూ ఖలీల్. బిడ్డకి ఏదైనా అయితే నీకు దేంతో చెప్పాలి?" అన్నాడు. అది ఇంకా మంట పుట్టించింది.

ప్రతి ఇంట్లోనూ వరస ఒకటే. గుమ్మంలో అడుగుపెట్టగానే ముందు పెట్టెని చూడడు. పరుపు మీద గుడ్డ కదులుతోందా అని చూస్తాడు. కదులుతోంది. అప్పుడు కూర్చుంటాడు. పని అయ్యాక బ్యాటరీ మీద పెట్టి, కాసేపాగి, బిడ్డని ఎత్తమంటాడు. పెట్టె కూస్తుంది. బిడ్డ జడుసుకుని ఏడుస్తుంది, తల్లి తిడుతుంది, అతను లేచి వెళ్ళిపోతాడు. ఏమైంది, ఎందుకు మార్చారు అని అడిగినవాళ్ళకి దాచలేదు. తప్పు జరిగింది, నావల్లే జరిగింది, అని కోపంగా చెప్పాడు, వాళ్ళే చేసినట్టు. ఒకామె అతని మొహాన తలుపు వేసింది. ఒకామె గుమ్మంలోనే కూర్చుంది. పోయిన వారం ఒక రాత్రంతా తను ఒళ్ళెరక్కుండా నిద్రపోయానని, చాన్నాళ్ళకి పట్టిన నిద్ర అని, ఎంత మురిసిపోయానో అని, అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

మధ్యాహ్నం ఒక మెట్ల మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటుంటే ఇన్సాఫ్ ఫోన్ చేసింది. నీళ్ళ మోటారు వెయ్యనా, ఫ్రిజ్ ఆపాలా అని. ఆ చిన్న మాటకి అతను గొంతు చించుకున్నాడు. మెట్లన్నీ మారుమోగాయి. ఆమె అంతా విన్నది.

"అయిందా?" అంది చివరికి. "పొద్దున్నుంచి మెట్ల మీదా నామీదా అరుస్తావు. అరవాల్సినవాళ్ళు కనబడితే కాఫీ పోస్తావు. ఇవాళ ఎవరి మీద?"

"నామీద," అన్నాడు.

ఇన్సాఫ్ పప్పన్నం వండుతున్నానని, వేయించిన ఉల్లిపాయలు అతనికి విడిగా తీసి ఉంచుతానని చెప్పి పెట్టేసింది.

హనాది ఇల్లు గుట్ట మీద ఆఖరి మేడలో ఆఖరి అంతస్తు. బహీజ్ చేరేసరికి ఎండ గోడల మీదికి ఎక్కేసింది. మూడుచోట్ల కూర్చుని ఎక్కాడు. తిట్టడానికి ఊపిరి చాలక నోరు మూసుకుని ఎక్కాడు. తలుపు బార్లా తీసి ఉంది. ఒంటరి ఆడపిల్ల ఇంటికి మగాడు వస్తే తలుపు తీసే ఉంచాలి గనక తీసింది. ఎదురింటి ముసలావిడ ఉమ్మ్ సాబిర్‌కి కూడా చెప్పి ఉంచింది. హనాదికి ఇరవై ఏళ్ళుంటాయేమో. తలగుడ్డ జారి మెడలో పడి ఉంది. కళ్ళు ఎర్రగా, వాచిపోయి ఉన్నాయి. కుడిచెయ్యి పాప పొట్ట మీద ఉంది. ఎడంచేత్తో గుమ్మంలోనే ఉన్న కుర్చీ చూపించింది. పక్కన పళ్ళెంలో ఎవరో తెచ్చిపెట్టిన అన్నం ముట్టకుండా ఎండిపోయింది.

అతను ముందు పరుపు మీద గుడ్డ చూశాడు. కదులుతోంది.

"వచ్చానుగా, కోప్పడు," అన్నాడు కూర్చుంటూ.

"ఓపిక లేదండీ," అంది. "మీకూ లేనట్టుంది. నీళ్ళు తాగండి."

అతను నీళ్ళు తాగాడు. పెట్టె పక్కన పెన్‌డ్రైవ్ పెట్టే సందు వదులైపోయింది. పెడితే ఊడి వస్తోంది. మధ్యలో ఊడిందంటే పెట్టె ఇక లేవదు. హనాది లేవకుండానే చెయ్యి చాపి, కిటికీ తాడు మీంచి ఒక ఎర్ర బట్టల క్లిప్పు లాగి ఇచ్చింది. దాంతో పెన్‌డ్రైవునీ పెట్టె అంచునీ కలిపి కరిపించాడు. నిలిచింది. ఆ రోజు మొత్తం మీద అతనికి కోపం తెప్పించకుండా పనిచేసిన వస్తువు అదొక్కటే.

"దీన్ని నేను చెప్పేదాకా ఎవరూ పీకకూడదు," అన్నాడు. "చెయ్యి ఇక తీసెయ్. నేను చూస్తుంటాను. కాసేపు పడుకో."

ఆమె నమ్మలేనట్టు చూసింది. పెట్టెని నమ్మి మోసపోయిన మనిషి కదా. అతను కుర్చీ జరుపుకుని, ఆమె చెయ్యి ఉన్నచోట తన సన్నటి వేళ్ళు ఆనించాడు. వేళ్ళు లేచాయి, దిగాయి. అప్పుడు ఆమె చెయ్యి తీసింది. వేళ్ళు ముడుచుకుపోయి వెంటనే తెరుచుకోలేదు. గోడవైపు తిరిగి, మాట పూర్తికాకుండానే నిద్రపోయింది.

తర్వాత ఉమ్మ్ సాబిర్ రెండుసార్లు గుమ్మంలోంచి చూసింది. మొదటిసారి అతను పెట్టె మీదికి వంగి పనిలో ఉన్నాడు. రెండోసారి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒక చెయ్యి పరుపు అంచున ఉంది. కాఫీ తాగుతావా నాయనా అని అడిగింది. పలకలేదు. నుదుటి మధ్య గీత చూసి, ఏదో కోపంలో ఉన్నాడు, కదిలించడం ఎందుకులే అనుకుని వెళ్ళిపోయింది. కాఫీ కాచుకుని తెచ్చాక, చేతికి అందించబోయినప్పుడు ఆ చెయ్యి చల్లబడిపోయిందని తెలిసింది.

హనాదికి ముసలమ్మ కేకకి మెలకువ వచ్చింది. లేవగానే పాపని గుండెకి లాక్కుంది. ఆ క్షణంలో పెట్టె కూసింది. చెవులు చిల్లులు పడేట్టు, కింది అంతస్తులవాళ్ళు కూడా పరిగెత్తి వచ్చేట్టు కూసింది. ఎలా ఆపాలో వాళ్ళెవరికీ తెలియలేదు. సుహా వచ్చి ఆపేదాకా, మగవాళ్ళు అతన్ని కుర్చీతో సహా ఎత్తి, ఆ మెట్లన్నీ దించి తీసుకువెళుతున్నంతసేపూ, అది కూస్తూనే ఉంది.

పరామర్శ రోజుల్లో వఫీక్ మూడు రోజులూ వచ్చాడు, తెల్లచొక్కాతో. చేదుకాఫీ తాగి, ఎంత మంచి మనిషి, ఏనాడూ నా మాటకి ఎదురు చెప్పలేదు, అని అందరి ముందూ అన్నాడు. ఇన్సాఫ్ లోపలి గదిలోంచి లేచి, ఆడవాళ్ళు ఆపుతున్నా వినకుండా మగవాళ్ళ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వఫీక్ చేతిలోంచి కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సుహా రెండుసార్లు అబూ సమ్రా గుట్టకి వెళ్ళి పెట్టె చూసింది. బాగుంది. పలక మేలుకునే ఉంటోంది. పెన్‌డ్రైవ్ తీసెయ్యొచ్చు, పని ఎప్పుడో అయిపోయింది, అని చెప్పింది. హనాది ఒప్పుకోలేదు. తను చెప్పేదాకా పీకొద్దన్నారాయన, అంది. పిల్ల దోగాడడం మొదలెట్టి, పెట్టెతో పనిలేకుండా పోయాక కూడా అది గూట్లో అలాగే ఉంది. దాని అంచుని పళ్ళతో కరిచి పట్టుకుని, ఎండకి ఒకవైపు రంగు వెలిసిన ఎర్ర బట్టల క్లిప్పు.